గట్టు మీద కూర్చున్నది బద్ధకంతో కాదు

మొన్న మార్చిలో మా ఊళ్లో ఒక మిరప చేలో జరిగిన సంగతి ఇది. పొద్దున పదకొండు గంటల వేళ. పద్నాలుగు మంది ఆడవాళ్లు వరసల్లో కాయ కోస్తున్నారు. చీర మీద మగవాళ్ల ఫుల్ చొక్కా, తలకి తువ్వాలు, ముక్కుకి గుడ్డ. ఘాటు ఒంటికి అంటకుండా ఉండాలంటే ఎంత ఎండలోనైనా అలా కట్టుకోక తప్పదు. వాళ్లలో నలభై ఆరేళ్ల ఆవిడ ఒకరు ఉన్నట్టుండి కోత ఆపేసి గట్టు మీదికి పోయి కూలబడింది. తువ్వాలు లాగి పారేసింది, చొక్కా గుండీలు విప్పేసుకుంది. మొహం, మెడ ఎర్రగా కందిపోయాయి. చెమట కారిపోతోంది. ఐదు నిమిషాలు గడిచాక అదే మనిషి చలి పుట్టినట్టు కొంగు కప్పుకుని ముడుచుకుంది.

ముఠా మేస్త్రి కేకేశాడు. "ఏందమ్మా, పెళ్లికొచ్చినట్టు కూర్చున్నావ్?"

ఆవిడ మాట్లాడలేదు. చుట్టూ మగవాళ్లున్నారు, ఏమని చెబుతుంది? ఆ పూట మరో రెండుసార్లు అలాగే జరిగింది. సాయంత్రం లెక్క చూసేటప్పుడు ఆవిడకి ఒక పూట కూలి కోశారు. కోసిన రైతు మన సంఘం సభ్యుడే.

ఈ సంగతి నేను మండల కమిటీలో చెప్పాను. పత్రికలో రాస్తానన్నాను. ముప్పై ఏళ్లుగా సంఘాన్ని భుజాన మోసిన ఒక పెద్దాయన, "అమ్మా, గిట్టుబాటు ధర, కౌలు కార్డులు, యూరియా కొరత, ఇన్ని ఉండగా ఆడవాళ్ల ముట్ల గొడవ మన పత్రికలో ఎందుకు? అది డాక్టర్లు రాసుకునేది" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. అందుకే జవాబు చాటుగా చెప్పకుండా ఇక్కడే రాస్తున్నాను.

మరి ఎవరి గొడవ ఇది?

మన దేశంలో గ్రామాల్లో పనిచేసే స్త్రీలలో నూటికి డెబ్బై మందికి పైగా వ్యవసాయంలోనే ఉన్నారని ప్రభుత్వ కార్మిక సర్వేలే చెబుతున్నాయి. నాట్లు, కలుపు, పత్తి ఏరడం, కాయ కోతలు, వేరుశెనగ కాయ తెంపడం ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తున్నాయి. ఇప్పుడు మా మండలంలో ఏ ముఠానైనా వరసలో నిలబెట్టి చూడండి. చదువుకున్న పిల్లలు పట్నాలకు పోయారు. చేలో మిగిలింది ఎక్కువగా నలభై దాటినవాళ్లే. అంటే మన పంట చేతికొచ్చేది సరిగ్గా ముట్లుడిగే వయసులో ఉన్న ఆడవాళ్ల రెక్కల మీద.

ఎద్దుకి గాలికుంటు వస్తే అది రైతు సమస్య. మోటారు కాలిపోతే రైతు సమస్య. పంట కోసే మనిషికి రోజుకి పదిసార్లు ఒళ్లు మండిపోతుంటే మాత్రం అది ఆవిడ సొంత సమస్య! ఇదెక్కడి లెక్క?

ఇంకో మాట. సంఘం లోపల మనం కూలీల గురించి మాట్లాడినట్టే మాట్లాడి, మన ఇంటి ఆడవాళ్లను మర్చిపోతాం. రెండెకరాల రైతు భార్య సొంత చేలో చేసే పనికి కూలి లెక్కే లేదు. ఆవిడకి సెగ వస్తే కోసేందుకు కూలి కూడా ఉండదు. "ఈ మధ్య దీనికి కోపం ఎక్కువైంది, పని మీద ధ్యాస లేదు" అన్న మాట మాత్రం దొరుకుతుంది.

నేను కూడా తప్పు ఒప్పుకోవాలి. నాకు నలభై తొమ్మిదేళ్లు. రెండేళ్ల కిందట జిల్లా సమావేశంలో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, బయటికి పోయి కుళాయి కింద తల పెట్టాను. ఏమైందని అడిగినవాళ్లకి "బీపీ" అని చెప్పాను. నాకు బీపీ లేదు. ఇరవై ఏళ్లుగా మైకు పట్టుకున్న దాన్నే నిజం చెప్పలేకపోతే, గట్టు మీద కూర్చున్న ఆవిడ మేస్త్రికి ఏం చెబుతుంది?

ఒంట్లో జరిగేది ఏమిటి?

పన్నెండు నెలలు వరసగా ముట్టు రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. మన దేశంలో సగటున ఇది 46, 47 ఏళ్లకే జరుగుతోంది. దానికి కొన్నేళ్ల ముందు నుంచే అండాశయాల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఎగుడుదిగుడవుతూ తగ్గిపోతుంది.

మెదడులో మన ఒంటి వేడిని చూసుకునే ఒక భాగం ఉంది. మోటారుకి ఆటోమేటిక్ స్టార్టర్ ఎలాగో ఒంటికి అది అలాగ. మామూలుగా ఒంటి వేడి కాస్త పెరిగినా తగ్గినా అది పట్టించుకోదు. ఈస్ట్రోజెన్ తగ్గాక ఆ ఓపిక పోతుంది. కాస్త వేడి పెరిగితే చాలు, ఒళ్లు కాలిపోతోందని పొరబడి చల్లార్చే పని మొదలుపెడుతుంది. చర్మం కింద రక్తనాళాలు ఒక్కసారిగా వెడల్పవుతాయి. రొమ్ము నుంచి మెడకి, మెడ నుంచి మొహానికి సెగ ఎగబాకుతుంది. గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది. అలా చల్లార్చడం అవసరానికి మించిపోయి, వెంటనే వణుకు పుడుతుంది. మొత్తం జరిగేది కొద్ది నిమిషాలే. కొందరికి రోజుకి ఒకటి రెండు, కొందరికి పదీ పదిహేను.

కొందరు ఆవిర్లంటారు, కొందరు సెగలంటారు, డాక్టర్లు హాట్ ఫ్లషెస్ అంటారు. చాలా అధ్యయనాల్లో నలుగురిలో ముగ్గురి దాకా ఇవి వస్తున్నట్టు తేలింది. "ఏదో ఆరు నెలలు, అదే పోతుంది" అనే మాట కూడా నిజం కాదు. అమెరికాలో వేలమంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, తరచుగా సెగలు వచ్చేవారిలో సగం మందికి అవి ఏడేళ్లకు పైగా ఉన్నాయి. ఏడేళ్లంటే మనకి పద్నాలుగు పంటలు.

రాత్రి సెగలు ఇంకా పాడు. రెండు మూడుసార్లు చెమటతో లేస్తే ఆ రాత్రి నిద్ర లేనట్టే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వండిపెట్టి, ఆరింటికి ఆటో ఎక్కాల్సిన మనిషి ఆవిడ. కోపం, మతిమరుపు, నడుం లాగేయడం ఊరికే రావడం లేదు. ఏళ్ల తరబడి నిద్ర చాలకపోతే ఏ మగాడైనా ఇలాగే ఉంటాడు.

పట్నంలో ఒకలా, చేలో ఒకలా

ఫ్యాను కింద ఉద్యోగం చేసే ఆవిడకీ, చేలో ఉన్న ఆవిడకీ సెగ ఒకటే. కానీ అది తెచ్చే కష్టం ఒకటి కాదు.

మొదటిది ఎండ. నలభై డిగ్రీల ఎండలో, చొక్కా మీద చొక్కా వేసుకుని ఒంగి పనిచేస్తుంటే ఒంటి వేడి ముందే అంచుదాకా వచ్చి ఉంటుంది. సెగ మొదలవడానికి కాస్త వేడి చాలు. పైగా సెగలో పోయిన చెమట, ఎండలో పోయిన చెమట రెండూ కలిసి నీరు హరిస్తాయి.

రెండోది నీళ్లు. ఇది మగవాళ్లకు తట్టని విషయం. చేలో చాటు లేదు. ఒంటికి పోవాలంటే అరమైలు నడవాలి, లేదా చీకటి పడేదాకా ఆగాలి. అందుకని ఆడవాళ్లు పొద్దుటి నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తారు. ఈస్ట్రోజెన్ తగ్గిన వయసులో మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు ఎలాగూ ఎక్కువ. నీళ్లు మానేస్తే అవి ఇంకా పెరుగుతాయి. ఆ మంటకి ఆర్‌ఎంపీ దగ్గర సూది, సూదికి డబ్బు, డబ్బుకి మళ్లీ కూలి.

మూడోది కూలి పద్ధతి. కిలో లెక్కన కోత అయితే కూర్చున్న ప్రతి ఐదు నిమిషాలూ ఆవిడ జేబులోంచే పోతాయి. రోజు కూలి అయితే మేస్త్రి నోటికి దొరుకుతుంది. అందుకే చాలామంది సెగ వచ్చినా వంచిన నడుం ఎత్తరు.

ఇక్కడొక ప్రమాదం ఉంది, అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఆవిరి సెగ కొద్ది నిమిషాల్లో పోతుంది, మనిషి తెలివిలోనే ఉంటుంది. వడదెబ్బ అలా కాదు. ఒళ్లు కాలిపోతూ ఉంటుంది, తగ్గదు, మాట తడబడుతుంది, వాంతులు, ఫిట్స్, స్పృహ తప్పడం ఉండొచ్చు. అప్పుడు "ముట్లాగే వయసు కదా, అంతే" అని వదిలేస్తే ప్రాణం పోతుంది. నీడకి చేర్చి, ఒంటి నిండా నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. తెలివిలో లేని మనిషికి నోట్లో నీళ్లు పోయొద్దు.

సంచి వ్యాపారం

ఇప్పుడు అసలు దోపిడీ దగ్గరికి వద్దాం.

మా వదినకి ముప్పై నాలుగేళ్లప్పుడు తెల్లబట్ట, నడుం నొప్పి. ఊరి ఆర్‌ఎంపీ పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపాడు. స్కానింగ్ తీసి, "సంచి చెడిపోయింది, ఉంచితే క్యాన్సరవుతుంది, పిల్లలు పుట్టేశారుగా, ఇక దాంతో పనేముంది" అన్నారు. మూడో రోజు ఆపరేషన్. 40 వేలు అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకి 1,200, ఏడాదికి 14,400 వడ్డీకే. రెండో వారం నుంచే సెగలు మొదలయ్యాయి. గర్భసంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీసేశారని ఆమెకి తెలిసింది ఆరేళ్ల తర్వాత, ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ పాత కాగితాలు చదివి చెబితే! మొన్న నలభై ఐదేళ్లకి గట్టు మీద కాలు జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది. ఎముక గుల్లబారిందన్నారు.

ఇది ఒక్క మా ఇంటి కథ అయితే రాసేదాన్ని కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అన్ని రాష్ట్రాల కంటే మనమే ముందు! మన ఆడవాళ్ల గర్భసంచులకి మాత్రమే ఏదో తెగులు తగిలిందా? లేదు. చిన్న వయసులో పెళ్లి, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ఆ తర్వాత ఆ శరీరాన్ని పట్టించుకునే దిక్కు ప్రభుత్వంలో లేకపోవడం, ఆ ఖాళీలోకి కమిషన్ మీద బతికే మనుషులు దూరడం. ఇదీ తెగులు. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో ఈ ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో ఎంత విచ్చలవిడిగా సాగాయంటే, తర్వాత ప్రభుత్వమే వాటిని కట్టడి చేయాల్సి వచ్చింది.

పక్క రాష్ట్రం మహారాష్ట్రలో బీడ్ జిల్లా సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. చెరకు నరికే వలస కూలీ ఆడవాళ్లు ముట్టు రోజుల్లో ఒక రోజు పని మానితే కాంట్రాక్టర్లు జరిమానా వేస్తారు. ఆ బాధ పడలేక గర్భసంచే తీయించుకుంటున్నారని గోల అయ్యాక 2019లో అక్కడి ప్రభుత్వం కమిటీ వేసింది. సర్వే చేసిన 82,309 మంది చెరకు కూలీ స్త్రీలలో 13,861 మందికి గర్భసంచి లేదు. పని మానడానికి వీల్లేని చోట మనిషి తన ఒంట్లో భాగాన్నే కోయించుకుంటుంది. ఇది వైద్యుల సమస్యా, శ్రమ దోపిడీ సమస్యా? కమిటీలో నన్ను ప్రశ్నించిన పెద్దాయనే చెప్పాలి.

గర్భసంచి తీయడం ఎప్పుడూ తప్పే అని నేననడం లేదు. క్యాన్సర్ ఉంటే, ఏ మందుకీ లొంగని రక్తస్రావం ఉంటే, పెద్ద గడ్డలుంటే, సంచి జారిపోతే తీయాల్సి రావచ్చు. కానీ తెల్లబట్టకి, నడుం నొప్పికి మొదటి మందు కత్తి కాదు. తెల్లబట్ట చాలాసార్లు ఇన్‌ఫెక్షన్, మాత్రలకి తగ్గుతుంది. రక్తం ఎక్కువగా పోతుంటే మాత్రలున్నాయి, లోపల అమర్చే హార్మోను లూపు ఉంది.

తీసేస్తే ఏమవుతుందో కూడా ముందే చెప్పాలి. అండాశయాలు తీస్తే మరుసటి రోజే ముట్లుడిగినట్టు. కొన్నేళ్లలో మెల్లగా రావాల్సింది ఒక్క రాత్రిలో వచ్చి పడుతుంది, అందుకే సెగలు అంత తీవ్రం. అండాశయాలు ఉంచి సంచి ఒక్కటే తీసినా, మామూలు కంటే కాస్త ముందే అవి అలసిపోతాయి. చిన్న వయసులో ఈస్ట్రోజెన్ పోతే ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. అలాంటి స్త్రీకి, వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లాగే వయసు వచ్చేదాకా హార్మోను మందు ఇవ్వడం వైద్యం చెప్పే పద్ధతి. మా వదినకి ఆపరేషన్ చేసినవాళ్లు ఆ ముక్క చెప్పలేదు. బిల్లు మాత్రం రాశారు.

ఈ అనవసర ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా సుప్రీంకోర్టులో కేసు వేశారు. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు తయారు చేసింది. వాటిని అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. జిల్లా స్థాయిలో కూడా నిఘా కమిటీ ఉండాలి. చిన్న వయసువారికి చేసిన ఆపరేషన్లను తిరిగి చూడాలి. మన జిల్లాలో ఆ కమిటీ ఎక్కడుంది, ఎన్నిసార్లు కూర్చుంది, ఏ ఆసుపత్రి లెక్కలు చూసింది? కలెక్టరుకి వినతిపత్రం ఇవ్వడం మనకి కొత్త కాదు. ఈ ప్రశ్నతో ఒకటి ఎందుకు ఇవ్వకూడదు?

తగ్గే దారి ఉంది

"ఆడపుట్టుక పుట్టాక తప్పదు" అని మన అమ్మలు చెప్పారు. తప్పదన్నది సగమే నిజం. ముట్లుడగడం తప్పదు, బాధపడడం తప్పుతుంది.

సెగ వస్తున్నట్టు తెలియగానే పని ఆపి నీడకి పోవాలి. తడిగుడ్డ మెడ మీద, మణికట్ల మీద వేసుకోవాలి. పైన వేసుకున్న చొక్కా తీసేయాలి. నెమ్మదిగా, పొట్ట నిండా ఊపిరి పీల్చి వదలాలి. దీంతో సెగ ఆగదు గానీ గుండె దడ, కంగారు తగ్గుతాయి. నైలాను, పాలిస్టరు కాకుండా వదులుగా ఉండే నూలు బట్ట మంచిది. పొగలు కక్కే టీ, మరీ కారం, కల్లు, సారా, పొగాకు చాలామందిలో సెగలను రేపుతాయి. చుట్ట, ఖైనీ అలవాటున్న అక్కలు మానగలిగితే మేలు. ఏది తిన్నప్పుడు, ఏ వేళ సెగ వస్తోందో పది రోజులు గమనిస్తే ఎవరిది వాళ్లకే తెలుస్తుంది.

ఆర్‌ఎంపీ ఎక్కించే బలం సెలైన్, కాల్షియం సూది సెగలకి పనిచేయవు. ఆ డబ్బు వృథా. సోయా పొడులు, ఆయుర్వేదం పేరుతో అమ్మే డబ్బాలు వేలు పెట్టి కొనొద్దు. వాటికి గట్టి రుజువు లేదు. ఎముకల కోసం రాగులు, పాలు, నువ్వులు, చిన్న చేపలు తినండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే మందు ఉంది. సెగలకి అన్నిటికంటే బాగా పనిచేసేది హార్మోను చికిత్స. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. సంచి ఉన్నవారికి దాంతో పాటు ప్రొజెస్టరోన్ కూడా ఇవ్వాలి, లేకపోతే సంచి లోపలి పొరకి ప్రమాదం. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన తర్వాత ఈ మందు పేరు చెబితేనే డాక్టర్లు కూడా భయపడ్డారు. తర్వాత లెక్కలు మళ్లీ చూస్తే, అరవై లోపు వయసు, ముట్లాగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతులలో చాలామందికి నష్టం కంటే మేలే ఎక్కువని తేలింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, రక్తం గడ్డకట్టే జబ్బు, పక్షవాతం, గుండెపోటు, లివరు జబ్బు ఉన్నవారు వాడకూడదు. వాళ్లకి వెన్లఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి హార్మోను లేని మందులున్నాయి. ఇవేవీ మందుల షాపులో అడిగి కొనుక్కునేవి కావు. బీపీ చూసి, రొమ్ము చూసి డాక్టరు రాయాలి.

అన్ని చెమటలూ ముట్లవి కావు. రాత్రి చెమటతో పాటు దగ్గు, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ ఎక్కువైనా, షుగరు మాత్ర వేసుకున్నాక చక్కెర పడిపోయినా ఇలాగే చెమట, దడ వస్తాయి. ఏడాది ముట్టు ఆగి మళ్లీ ఒక్క చుక్క రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

చివరిగా, ఇంటి మగవాళ్లకి. రాత్రి ఆమె ఫ్యాను పెంచితే విసుక్కోవద్దు. పొద్దున వంట మీరు అందుకుంటే ఆమె ఇంకో గంట పడుకుంటుంది. ఈ మందుకి చీటీ అక్కర్లేదు.

"మాకే గిట్టడం లేదు"

ఈ మాట వస్తుందని తెలుసు. ధర పడిపోయి, కౌలు కట్టి, కోత కూలి ఇచ్చేసరికి రైతుకి ఏమీ మిగలడం లేదు. నిజం. ఆ పోరాటంలో నేను మీ పక్కనే ఉన్నాను. కానీ మనకి గిట్టని ధరని మార్కెట్లో దళారి మన మీదికి తోస్తే, దాన్ని మనం గట్టు మీద కూర్చున్న ఆవిడ మీదికి తోయడం న్యాయమా? ఆవిడ దగ్గర కోసిన పూట కూలితో ఏ రైతు అప్పు తీరింది?

అడిగేవి పెద్దవి కావు. చేను పక్కన నాలుగు కర్రలు పాతి ఒక పట్టా కడితే నీడ. మరో రెండు చీరలు కడితే చాటు. రెండు క్యాన్ల నీళ్లు. ఎండల్లో పని ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకి ఆపడం. సెగ వచ్చిన మనిషి పది నిమిషాలు కూర్చుంటే నోరు పారేసుకోకపోవడం. పురుగుమందు డబ్బాకి పెట్టే ఖర్చులో ఇది ఏ మూలకి? పైగా నీడ, నీళ్లు ఉన్న చేలో సాయంత్రానికి ఎక్కువ కాయ తెగుతుంది. ఇది కూలీల మీద దయ కాదు, మన సొంత లెక్క కూడా.

మిగతాది ప్రభుత్వం దగ్గర గుంజాలి. ఆరోగ్య శాఖ కంటికి స్త్రీ అంటే బిడ్డని కనే యంత్రం. సర్వేలో స్త్రీ వయసు 15 నుంచి 49. యాభై దాటితే లెక్కలోంచే మాయం. కాన్పుకి కార్యక్రమం ఉంది, కుటుంబ నియంత్రణకీ ఉంది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికే మనిషికి పీహెచ్‌సీలో ఒక కుర్చీ లేదు. ఉపాధి హామీ చట్టం 2005లోనే పని చోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలని రాసింది. ఎన్ని పని చోట్ల ఆ నీడ చూశారు?

అందుకే వచ్చే జిల్లా మహాసభ ముందు ఈ తీర్మానం పెడుతున్నాను:

1. ప్రతి పీహెచ్‌సీలో వారానికి ఒక రోజు నలభై దాటిన స్త్రీలకు ప్రత్యేక ఓపీ పెట్టాలి. సెగలకి హార్మోను మందులు, హార్మోను లేని మందులు రెండూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరకాలి.

2. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలకు దీనిపై శిక్షణ ఇవ్వాలి. ఇంటింటి ఆరోగ్య సర్వేలో సెగలు, నిద్ర, ఎముకల గురించి కూడా అడగాలి.

3. గర్భసంచి ఆపరేషన్లపై జిల్లా నిఘా కమిటీ వివరాలు బయట పెట్టాలి. నలభై లోపు వయసువారికి రెండో డాక్టరు అభిప్రాయం లేకుండా ఆపరేషన్ జరగకూడదు. ఏం తీశారో తెలుగులో రాసి ఇవ్వాలి.

4. చిన్న వయసులో గర్భసంచి, అండాశయాలు తీయించుకున్న స్త్రీలకు ఎముకల పరీక్ష, మందులు ప్రభుత్వమే ఇవ్వాలి.

5. ఉపాధి పని చోట్ల నీడ, నీళ్లు, మరుగు లేకపోతే బాధ్యులపై చర్య తీసుకోవాలి.

6. మన సంఘం సభ్యుల చేలలో నీడ, నీళ్లు, చాటు, ఎండాకాలపు పని వేళలు తప్పనిసరి. అస్వస్థతతో కూర్చున్నందుకు కూలి కోయకూడదు.

ఆరోది అన్నిటికంటే కష్టం అని నాకు తెలుసు. మొదటి ఐదింటికీ చేతులు గబగబా లేస్తాయి. ఆరోదానికి ఎవరి చెయ్యి లేస్తుందో చూడాలి. కానీ అది లేకుండా మిగతా ఐదూ అడిగే మొహం మనకి లేదు.

ఆ మిరప చేను రైతు ఈ పత్రిక చదువుతాడు. ఆయన పేరు నేను రాయలేదు, రాయను. ఈ నెల చందా వసూలుకి ఆయన ఇంటికి పోతాను. ఆ పూట కూలి ఆవిడకి ఇచ్చాడా అని అడుగుతాను.